ఆటలాడే బిడ్డకు తొమ్మిదో తరగతి ఎక్కడ? ప్రైవేటు స్కూలు వెతుకుతున్న తల్లిదండ్రులకు



మన పాఠశాలలో తెలుగు మాధ్యమం ఎనిమిదో తరగతి వరకే ఉంది. అందుకే ప్రతి ఏడూ సంక్రాంతి దాటగానే ఎనిమిదో తరగతి పిల్లల ఇళ్ళలో ఒకటే మాట నడుస్తుంది: తొమ్మిదికి ఎక్కడ చేర్చాలి? చదువు ఒక్కటే చూసుకునే పిల్లల విషయంలో జవాబు చెప్పడం అంత కష్టం కాదు. పరుగు పందెంలోనో, కబడ్డీలోనో, వాలీబాల్‌లోనో జోనల్ దాటి జిల్లా దాకా వెళ్ళిన బిడ్డ ఇంట్లో ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఈ నెలలో అలాంటి తల్లిదండ్రులు కొందరు ఆఫీసుకు వచ్చారు. చేతుల్లో హోసూరు చుట్టుపక్కల స్కూళ్ళ కరపత్రాలు. ఒకదాని మీద ఈతకొలను, ఇంకొకదాని మీద పచ్చటి టర్ఫ్, అన్నిటి మీదా "ఆటగాళ్ళకు ఫీజు రాయితీ" అన్న మాట. వచ్చినవాళ్ళలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవారు ఉన్నారు, గులాబీ తోట పని వదిలి వచ్చినవారు ఉన్నారు. అందరికీ అదే సంగతి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మీరు వెతకాల్సింది ఆటలు నేర్పే స్కూలు కాదు. మీ బిడ్డకు ఆట నేర్పే మనిషి ఎవరో, మైదానం ఎక్కడో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత దానికీ మీ ఇంటికీ దగ్గరలో ఉండి, బిడ్డను ఆడనిచ్చే స్కూలు చూడండి. ఈ వరుస తలకిందులైతే డబ్బూ పోతుంది, ఆటా పోతుంది.

రోజుకు 24 గంటలే

ఒక కాగితం తీసుకుని బిడ్డ రోజును గంటల్లో రాయండి. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రోజూ సాధన చేసే పిల్లలకు తొమ్మిది వేసుకుందాం. బడి ఏడున్నర. సాధన రెండు. ఇంటి పాఠాలు రెండు. స్నానం, తిండి, బట్టలు సర్దుకోవడం, అమ్మతో నాలుగు మాటలు, అన్నీ కలిపి రెండు. మొత్తం ఇరవై రెండున్నర. మిగిలింది గంటన్నర.

ఇప్పుడు స్కూలు వ్యాను సంగతి. ఊళ్ళన్నీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకునే వ్యాను పొద్దున గంటా పావు, సాయంత్రం గంటా పావు తింటుంది. అంటే రెండున్నర గంటలు. మిగిలిన గంటన్నరలో అది పట్టదు. ఆ గంట ఎక్కడినుంచి వస్తుంది? మొదటి నెల ఇంటి పాఠాల నుంచి వస్తుంది. రెండో నెల నిద్ర నుంచి వస్తుంది. దీపావళి నాటికి సాధన నుంచి వస్తుంది. అప్పుడు మీరు ఈతకొలను ఉన్న స్కూలుకు ఫీజు కడుతూనే ఉంటారు, పిల్లోడు మాత్రం వ్యాను కిటికీకి తల ఆనించి నిద్రపోతూ ఉంటాడు.

పి.వి. సింధు చిన్నప్పుడు అకాడమీకి రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణం చేసింది కదా సార్ అని ఒకరు అన్నారు. నిజమే, ఆ సంగతి పత్రికల్లో వచ్చింది. కానీ ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు, తండ్రి రమణగారు అర్జున పురస్కారం అందుకున్నవారు. బిడ్డ అలసట ఏ రకమో, ఏ రోజు ఆపాలో చూడగానే తెలిసిన ఇల్లు అది. ఆ దూరం వెళ్ళింది కూడా శిక్షకుడి కోసమే, స్కూలు భవనం కోసం కాదు. మన ఇళ్ళలో ఇద్దరూ పనికి పోతేనే గడుస్తుంది. మనకు దూరం చాలా ఖరీదైన వస్తువు.

నేర్పే మనిషి

మన పిల్లలకు చాలాసార్లు ఆ మనిషి బడిలోని పి.ఇ.టి. సారే అయి ఉంటారు. మనకు ఎంతో దూరం కాని సేలం జిల్లా పెరియవడగంపట్టి పిల్లవాడు మారియప్పన్ తంగవేలు 2016 రియో పారాలింపిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచాడు. తల్లి కూరగాయలు అమ్మి ఇల్లు నడిపింది. అతన్ని హైజంప్ వైపు తిప్పింది ప్రభుత్వ బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. విశాఖపట్నం జ్యోతి యర్రాజి కథ కూడా దాదాపు అదే. తండ్రి సెక్యూరిటీ గార్డు. అమ్మాయి పొడవు చూసి హర్డిల్స్ పరుగెత్తు అన్నది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం ఆమెకు వచ్చింది. ఇద్దరినీ మొదట చూసిన కన్ను మామూలు బడిలోనిదే.

కాబట్టి కోచ్‌ను ఎలా చూడాలో తెలుసుకోండి. పతకాల ఫోటోలు కాదు, మామూలు సాయంత్రం సాధన చూడండి. మొదట ఒళ్ళు వేడెక్కించే కసరత్తు పదిహేను నిమిషాలైనా చేయిస్తున్నారా, లేక రాగానే పరుగెత్తిస్తున్నారా? కొత్త పిల్లలు, వెనకబడిన పిల్లలు ఏం చేస్తున్నారు? మోకాలు నొప్పి అన్న పిల్లకు ఏం చెబుతున్నారు? పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఎముకలు గబగబా పెరుగుతాయి. మోకాలి చిప్ప కింద ఎముక మీద గట్టిగా నొక్కితే నొప్పి అనే పిల్లలు ఎక్కువగా పరుగెత్తేవాళ్ళలో, దూకేవాళ్ళలో కనిపిస్తారు. దానికి సాధన తగ్గించాలి, డాక్టరుకు చూపించాలి. "నొప్పిలోనే ఆడాలి" అనే కోచ్ దగ్గర బిడ్డను ఉంచవద్దు, ఎన్ని పతకాలున్నా సరే.

ఇంకో రకం మనిషి గురించి కూడా చెప్పాలి. పుట్టిన తేదీ ఒక ఏడాది తగ్గిస్తే కింది వయసు విభాగంలో ఆడించవచ్చు, సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటాను అనేవాళ్ళు. ఆ రోజే నమస్కారం పెట్టి వచ్చేయండి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి ఎమిస్ నమోదు మూడూ ఒకటి కావాలి. పెద్ద పోటీల్లో ఎముకల వయసు పరీక్ష కూడా ఉంటుంది. దొరికితే శిక్ష పడేది బిడ్డకే.

ప్రైవేటు అంటే ఒకటే రకం కాదు

ప్రైవేటు స్కూలు అనగానే మనకు మెట్రిక్యులేషన్, సి.బి.ఎస్.ఇ. ఈ రెండే గుర్తొస్తాయి. మూడోది మరిచిపోతాం: ఎయిడెడ్ హైస్కూలు. యాజమాన్యం ప్రైవేటు, ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వానిది. ఫీజు చాలా తక్కువ. పాతకాలంలో కట్టిన ఎయిడెడ్ బడుల్లో నిజమైన మైదానాలు ఉండడం మామూలు, ఎందుకంటే భూమి చవకగా ఉన్న రోజుల్లో కట్టారు. భవనం రంగు వెలిసిపోయి ఉంటుంది, కరపత్రం ఉండదు. ఆటలాడే బిడ్డకు నేనైతే మొదట వీటినే చూస్తాను.

మెట్రిక్యులేషన్ స్కూళ్ళకూ మనకూ ఒక పెద్ద సౌకర్యం ఉంది. 2011 నుంచి తమిళనాడులో మెట్రిక్ స్కూళ్ళలో కూడా సమచ్చీర్ పాఠ్యాంశాలే. మన పిల్లలు తెలుగులో చదివే సైన్సు పుస్తకం, అక్కడ ఇంగ్లీషులో చదివే సైన్సు పుస్తకం పాఠానికి పాఠం ఒకటే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మే నెలలో రోజుకు ఒక పాఠం చదివిస్తే, జూన్‌లో బిడ్డ తరగతిలో బిక్కమొహం వేసుకుని కూర్చోడు. 'కిరణజన్య సంయోగక్రియ' తెలిసిన పిల్లకు దాని ఇంగ్లీషు పేరు నేర్చుకోవడం ఒక పూట పని. సి.బి.ఎస్.ఇ.లో చేర్చితే భాషా మారుతుంది, పుస్తకమూ మారుతుంది. తొమ్మిదిలో ఆ రెండూ ఒకేసారి మారడం, దానికి తోడు రోజూ రెండు గంటల సాధన, చాలా బరువు. మోయగలిగిన పిల్లలు ఉంటారు, లేరని అనను. మీ బిడ్డ ఆ పిల్లేనా అన్నది క్లాసు టీచరును అడగండి.

సి.బి.ఎస్.ఇ. వైపు కూడా చెప్పాల్సింది ఉంది. జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్ళే పిల్లలకు హాజరులో సడలింపు, పోటీ తేదీలు బోర్డు పరీక్షతో ఢీకొంటే వేరే తేదీన పరీక్ష, ఇవి ఆ బోర్డులో ఉన్నాయి. అయితే అంత స్థాయికి చేరాక పనికొచ్చే సౌకర్యాలివి. జిల్లా స్థాయి బిడ్డకు ప్రతి వారం కావాల్సింది సాయంత్రం మూడున్నరకు గేటు తెరిచే స్కూలు.

భాష సంగతి స్పష్టంగా అడగండి. 2006 చట్టం ప్రకారం తమిళం అందరికీ ఉంది. తెలుగును ఐచ్ఛిక భాషగా పెట్టుకోనిస్తారా, దానికి పీరియడ్ ఉందా, చెప్పే టీచరు ఉన్నారా? "మీ ఇష్టం, ఇంట్లో చదువుకోండి" అన్నారంటే లేదనే అర్థం.

కొందరు బెంగళూరు వైపు చూస్తున్నారు. హోసూరు నుంచి 40 కిలోమీటర్లే కదా అని. అత్తిబెలె దాటాక ఆ 40 కిలోమీటర్లు ఎన్ని గంటలో రోజూ వెళ్ళేవాళ్ళను అడగండి. అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. తమిళనాడులో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు 8 నుంచి 12 వరకు ఇక్కడే చదివిన పిల్లలకు స్థానికత పత్రం అక్కరలేదు. తొమ్మిదికే కర్ణాటకకు పోతే ఆ వరుస తెగిపోతుంది. అక్కడి సి.ఇ.టి.లో చదువు ఆధారంగా స్థానికత రావాలంటే ఏడేళ్ళు అక్కడ చదివి ఉండాలి. తొమ్మిది నుంచి పన్నెండు అంటే నాలుగేళ్ళే. పైగా బడి తరఫున ఆడే పోటీల్లో బిడ్డ కర్ణాటక బిడ్డగానే ఆడాల్సి వస్తుంది. ఇవన్నీ తెలిసి వెళ్ళితే పరవాలేదు, తెలియక వెళ్ళవద్దు.

ఈ సందర్భంలోనే, ఐదో తరగతి తమ్ముడో చెల్లెలో ఉన్న ఇళ్ళకు ఒక మాట. ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు వైద్యవిద్యలో 2020 నుంచి, ఇంజినీరింగ్, వ్యవసాయం, న్యాయం వంటి కోర్సుల్లో 2021 నుంచి 7.5 శాతం సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. మనది ఎయిడెడ్ పాఠశాల కాబట్టి ఇది మన ఎనిమిదో తరగతి పిల్లలకు వర్తించదు. మన బడి నడిపేవాడిని నేనే ఈ మాట చెప్పడం కొందరికి వింతగా ఉండవచ్చు. కానీ ఆరో తరగతి దగ్గర నిలబడ్డవాళ్ళకు ఇది తెలిసి ఉండాలి.

స్కూలుకు ఎప్పుడు వెళ్ళి చూడాలి

అడ్మిషన్ మేళా రోజు వెళ్ళవద్దు. మామూలు మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలకు వెళ్ళండి. మైదానంలో ఎవరున్నారు? పిల్లలా, వ్యాన్లా? లాంగ్‌జంప్ గుంటలో ఇసుక తవ్వి ఉందా, గడ్డి మొలిచిందా? వాలీబాల్ నెట్టు కట్టి ఉందా, సామాన్ల గదిలో ఉందా? బంతుల్లో గాలి ఉందా? తాళం వేసిన గదికి తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడగండి. పి.ఇ.టి. సారు దగ్గరుంటే మంచిది. ప్రిన్సిపాల్ బీరువాలో ఉంటే ఆ బంతులు ఏడాదికి రెండుసార్లే బయటికొస్తాయి.

వాచ్‌మన్‌తో మాట్లాడండి. ఆదివారం పిల్లలు ఆడటానికి వస్తారా అని అడగండి. ఆఫీసులో చెప్పే జవాబు కంటే అది నికరమైనది.

ఇక ఆఫీసులో అడగాల్సినవి. తొమ్మిదో తరగతిలో పదో తరగతి పాఠాలు ఎప్పుడు మొదలుపెడతారు? ఇది ఆటకు సంబంధం లేని ప్రశ్నలా ఉంటుంది. నిజానికి ఇదే అసలు ప్రశ్న. తొమ్మిది సగంలోనే పది పాఠాలు మొదలుపెట్టి, శనాదివారాలు స్పెషల్ క్లాసులు పెట్టే స్కూలు ఎంత పెద్ద మైదానం చూపించినా అందులో మీ బిడ్డ అడుగు పెట్టదు. టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది, దాన్ని లెక్కల సారు తీసుకుంటారు. పదో తరగతి పిల్ల ఎవరినైనా బయట పట్టుకుని "మీ ఆటల పీరియడ్ ఏ రోజు?" అని అడగండి. తడుముకోకుండా చెబితే సరే.

రెండోది, పోటీకి వెళ్ళిన రోజులకు ఆన్ డ్యూటీ హాజరు ఇస్తారా, తప్పిన పరీక్ష మళ్ళీ పెడతారా? మూడోది, గత ఏడాది జోనల్ పోటీలకు ఎంతమందిని పంపారు, ఏ విభాగాల్లో? పాఠశాల విద్యాశాఖ గణతంత్ర దినం, భారతియార్ దినం పేర్లతో నడిపే పోటీలు జోనల్, రెవెన్యూ జిల్లా, రాష్ట్రం అని మెట్లు మెట్లుగా వెళతాయి. 14, 17, 19 ఏళ్ళ లోపు అని విభాగాలు. ఆ మెట్టు మీద కాలు పెట్టాలంటే పేరు బడి నుంచి పోవాలి, హెడ్మాస్టరు సంతకం ఉండాలి. మీ బిడ్డ ఎంత వేగంగా పరుగెత్తినా, స్కూలు ఆ కాగితం పంపకపోతే ఆ ఏడాది పోయినట్టే. సి.బి.ఎస్.ఇ. స్కూళ్ళకు క్లస్టర్ పోటీలని వేరే దారి ఉంది, దానికీ పేరు పంపేది స్కూలే. ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీల్లో కూడా స్కూలు పిల్లల విభాగం ఉంది.

నాలుగోది, గత ఏడాది పది పాసైన ఆటగాళ్ళు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారు? ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పగలిగిన స్కూలు వాళ్ళను పిల్లలుగా చూసింది. పతకాల అల్మారా వైపు చూపించి ఊరుకున్న స్కూలు పతకాలనే చూసింది.

సగం ఫీజు లెక్క

తమిళనాడులో ప్రైవేటు స్కూళ్ళ ఫీజుకు 2009 చట్టం ఉంది. దాని కింద ఉన్న కమిటీ ఒక్కో స్కూలుకు ఎంత ఫీజో నిర్ణయిస్తుంది. స్కూలు చెప్పే రాయితీ ఆ నిర్ణయించిన ఫీజులో రాయితీనా, లేక వాళ్ళు నోటితో చెప్పిన పెద్ద అంకెలో రాయితీనా అన్నది ముందు చూడండి. ఇంకొక సంగతి, విద్యాహక్కు చట్టం 25 శాతం సీట్లు ప్రవేశ తరగతికే. తొమ్మిదిలో ఆ కోటా ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. ఒక స్కూలు ఫీజు 48,000, ఆటగాళ్ళకు సగం, కాబట్టి 24,000. వ్యాను 18,000. మూడు జతల యూనిఫాం, ట్రాక్‌సూట్, బూట్లు కలిపి 8,000. స్కూలు ఆవరణలోనే ఉన్న ప్రైవేటు అకాడమీకి నెలకు 2,000 లెక్కన పది నెలలకు 20,000. మొత్తం 70,000. రెండో స్కూలు ఫీజు 30,000, రాయితీ లేదు. సైకిల్ మీద వెళ్ళే దూరం. ఊరి మైదానంలో కోచ్‌కు నెలకు 500, అంటే 5,000. బూట్లు 3,000. ఇది 38,000. మిగిలిన 32,000లో నెలకు 1,500 చొప్పున పాలకు, గుడ్లకు, పళ్ళకు పెట్టినా ఇంకా మిగులుతుంది. పెరిగే వయసులో పరుగెత్తే బిడ్డకు ఆ గుడ్లే టర్ఫ్ కంటే ముఖ్యం. రాగిముద్ద, ఉలవచారు మన ఇళ్ళలో ఉన్నవే, వాటిని చిన్నచూపు చూసి డబ్బాల్లో అమ్మే పొడుల వెంట పడవద్దు.

రాయితీ తీసుకోవద్దని నేను చెప్పడం లేదు. తీసుకుంటే కాగితం మీద తీసుకోండి. అది ఒక్క ఏడాదికా, పది వరకా? బిడ్డకు కాలు విరిగి ఒక ఏడాది ఆడలేకపోతే ఏమవుతుంది? పతకం రాకపోతే? మధ్యలో వేరే స్కూలుకు పోతే ఇచ్చిన రాయితీ తిరిగి కట్టమంటారా? గాయమైన బిడ్డకు రెండో ఏడు పూర్తి ఫీజు కట్టమన్న సందర్భాలు మన పాత విద్యార్థుల ఇళ్ళలోనే చూశాను. కాలు నొప్పి మీద ఫీజు నొప్పి. టి.సి.ని బకాయి వసూలుకు పనిముట్టుగా వాడకూడదని మద్రాసు హైకోర్టు 2024లో చెప్పింది. కానీ కోర్టు మాట పట్టుకుని తిరిగే ఓపిక, తీరిక మనకు ఉండవు కదా, కాబట్టి ముందే రాయించుకోవడం మేలు.

సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఏ స్కూలుకూ, ఏ కోచ్‌కూ ఇచ్చి రావద్దు. జెరాక్స్ ఇవ్వండి, అసలు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆటగాళ్ళకు 500 సీట్లు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం ఉన్నాయి. ఇవి ఆ కాగితాల మీదే వస్తాయి. మన వాళ్ళకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, అది పేరు. ఇంట్లో ఇంటిపేరు ముందు పెట్టి పిలుస్తాం, బడి రికార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ ఎక్కి ఉంటాయి. జిల్లా సర్టిఫికెట్ ఒక పేరుతో, రాష్ట్ర సర్టిఫికెట్ ఇంకో పేరుతో వస్తే నాలుగేళ్ళ తర్వాత అది ఒకే పిల్ల అని నిరూపించడానికి తిరగలేరు. టి.సి. తీసుకునే లోపు మూడింటిలోనూ పేరు, ఇనిషియల్, పుట్టిన తేదీ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు

తొమ్మిదో తరగతిలో ఆట మానేసే పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే అని నా ఇన్నేళ్ళ అనుభవం. కారణం చాలాసార్లు ఆట కాదు. బట్టలు మార్చుకునే గది లేకపోవడం, మరుగుదొడ్డిలో నీళ్ళు లేకపోవడం, పోటీకి బయటి ఊరు పోతే వెంట ఆడ టీచరు లేకపోవడం. స్కూలుకు వెళ్ళినప్పుడు అమ్మ తప్పకుండా వెళ్ళాలి. మైదానం నుంచి మరుగుదొడ్డి ఎంత దూరమో నడిచి చూడండి. ఆఖరి పోటీకి అమ్మాయిల వెంట ఎవరు వెళ్ళారో పేరుతో అడగండి. ఈ ప్రశ్న అడిగినందుకు చిరాకు పడే స్కూలు ఎంత చవకైనా మనకు వద్దు. నెలసరి రోజుల్లో సాధన గురించి కోచ్‌తో మాట్లాడగలిగే ఒక ఆడమనిషి అక్కడ ఉండాలి. ఒళ్ళు నీరసంగా ఉందని పిల్ల అంటే ఒకసారి రక్తంలో హిమోగ్లోబిన్ చూపించండి, సోమరితనం అని తిట్టే ముందు.

ఫీజు ఏదీ కట్టలేని ఇళ్ళకు ఇంకో దారి ఉంది. తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ నడిపే స్పోర్ట్స్ హాస్టళ్ళలో 7, 8, 9, 11 తరగతుల్లో చేరే పిల్లలకు ఎంపిక పోటీలు జరుగుతాయి. తిండి, బస, శిక్షణ ఉచితం. వేసవి ముందే ప్రకటన వస్తుంది కాబట్టి కృష్ణగిరి జిల్లా స్టేడియంలోని క్రీడాధికారి ఆఫీసులో కనుక్కుంటూ ఉండండి. పదమూడేళ్ళ బిడ్డ ఇల్లు వదిలి ఉండగలదా లేదా అన్నది మీ ఇంటి సంగతి. రాత్రి అమ్మమ్మ ఇంట్లో రెండు రోజులు కూడా ఉండలేని పిల్లను పంపితే వారానికే వెనక్కి వస్తుంది.

పిల్లలూ, ఇది మీకు

స్కూలు చూడటానికి వెళ్ళేటప్పుడు మీరూ వెళ్ళండి. నాయన మాట్లాడుతుంటే వెనక నిలబడి మొహం వేలాడేయవద్దు, మీ ప్రశ్న మీరే అడగండి. ఆటంటే ఇష్టమా, తరగతి తప్పించుకోవడం ఇష్టమా అన్నది కూడా మిమ్మల్ని మీరే అడుగుకోండి. ఎవరూ చూడకపోయినా, పోటీ లేకపోయినా, వాన పడ్డ మరునాడు బురదలో అయినా మైదానానికి పోతున్నారంటే అది మొదటిది. జిల్లా నుంచి వచ్చే పిల్లల్లో రాష్ట్రం దాకా పోయేది కొందరే, దేశం తరఫున ఆడేది ఎక్కడో ఒకరు. మిగిలినవాళ్ళకు పది మార్కులే అన్నం పెడతాయి. అందుకే తొమ్మిదిలో మొదటి మూడు నెలలు ఇంగ్లీషు మాధ్యమం అలవాటయ్యే దాకా సాధన వారానికి నాలుగు రోజులకు తగ్గించుకున్నా తప్పులేదని మీ కోచ్‌కు నా మాటగా చెప్పండి. ఒప్పుకోకపోతే నాతో మాట్లాడమనండి.

ఇక ఆఫీసు విషయాలు. ఎనిమిదో తరగతి పిల్లల ఆటల సర్టిఫికెట్లకు మన బడి నుంచి ధ్రువీకరించిన జెరాక్స్ ప్రతులు మార్చి నెలలో ప్రతి శనివారం పొద్దున పది నుంచి పన్నెండు వరకు ఇస్తాం. అసలు ప్రతులు, ఆధార్, జనన ధ్రువపత్రం తీసుకురండి. ఎమిస్‌లో పేరు, తేదీ సవరణలు ఉంటే ఏప్రిల్ మొదటి వారం లోపు రాసి ఇవ్వాలి, ఆ తర్వాత పరీక్షల పని ఉంటుంది. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు, తెలుగు మాధ్యమాల సైన్సు, లెక్కల పుస్తకాలు గ్రంథాలయంలో నాలుగు జతలు ఉన్నాయి. మే నెలకు ఇంటికి తీసుకువెళ్ళదలచినవారు లైబ్రరీ టీచరు దగ్గర పేరు రాయించుకోండి. స్కూలు చూడటానికి వెళ్ళేముందు వ్యాయామ ఉపాధ్యాయునితో మాట్లాడాలనుకునేవారు సాయంత్రం నాలుగున్నర తర్వాత మైదానంలోనే కలవవచ్చు.